ఒకటి ఎక్కువైన గోడ

కోపం అందరికీ వస్తుంది. లెక్కలమ్మకు మాత్రం లెక్కపెట్టాకే వస్తుంది. అందుకని కాస్త ఆలస్యంగా వస్తుంది. వచ్చాక మాత్రం ఓ పట్టాన అంకెకు రాదు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక ఆవిడ కొత్తగా కట్టిన లెక్కల గది చూద్దామని వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే దాని ప్రారంభం. గదంతా పచ్చి రంగు వాసన. బెంచీలకు చుట్టిన ప్లాస్టిక్ ఇంకా విప్పలేదు. ఎదురు గోడకు నీలం టైల్స్, ఒక్కో టైలు మీద తెల్లటి ఒకటి. నాలుగు వరసలు, వరసకి అయిదు. కవాతుకు నిలబెట్టినట్టు నిటారుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఏ మూలా ఒక్క టైలు వెలితి లేదు.

ఆ వెలితి లేకపోవడమే ఆవిడకు వెలితిగా తోచింది.

ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టింది. కుడి నుంచి ఎడమకి లెక్కపెట్టింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని కింది నుంచి పైకి లెక్కపెట్టింది. ఎలా చూసినా ఇరవై ఒకట్లు. ఉండాల్సినవి పందొమ్మిది.

టైల్స్ వేసినవాడు పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది. వేసింది సొంత తమ్ముడు. వాడికి ఆ పని ఇప్పించింది తనే. వాడు అక్కడే, గది మూల నీళ్ళ బకెట్టు ముందు గొంతుక్కూర్చుని చేతిలో తాపీ కడుక్కుంటున్నాడు, తాపీగా.

"ఎలా ఉందక్కా?" అన్నాడు, మెచ్చుకోలు కోసం మొహం పైకెత్తి.

గోడకి ఒకటి ఎక్కువ తగిలించిన తమ్ముడికి తిరిగి ఒకటి తగిలించాలనిపించింది లెక్కలమ్మకు.

ఆ గోడ కథ చెప్పాలంటే ముందు ఆ పిల్లల కథ చెప్పాలి. ప్రధానోపాధ్యాయుడు కిందటేడు లెక్కల్లో తప్పిన పిల్లలందర్నీ ఏరి ఒకే సెక్షన్‌లో పోశాడు. మంచి సెక్షన్ల ఫలితాలు పాడుకాకుండా ఉండడానికి అది ఆయన కనిపెట్టిన సర్దుబాటు. ఆయన చేసే పనులన్నీ సర్దుబాట్లే కనక పిల్లలు ఆయనకి 'సర్దుబాటు సారు' అని పేరు పెట్టారు. ఈ తప్పిన సెక్షన్‌కి ఎ సెక్షన్ పిల్లలు పెట్టిన పేరు 'శేషం'. అందర్నీ భాగించగా మిగిలినవాళ్ళన్న మాట. ఆ శేషాన్ని లెక్కలమ్మకి అప్పగించారు. భాగహారం అంటేనే మెడకు ఉరితాడులా చూసే పిల్లలు. ఇలాంటివాళ్ళకి ఏం చెప్తే వింటారు?

లెక్కలమ్మ మొదటిరోజే బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా పందొమ్మిది ఒకట్లు వేసింది. పదకొండు వేల నూట పదకొండు కోట్ల కోట్ల పైచిలుకు. "దీన్ని ఏ సంఖ్యతోనైనా శేషం లేకుండా భాగించి చూపించండి," అంది. "ఒకటితోనూ, దాంతో దాన్నీ భాగించడం కాదు. అది మోసం."

ఇంత పొడుగున్నది విరక్కుండా ఉంటుందా అనుకున్నారు పిల్లలు. పైగా అన్నీ ఒకట్లే, ఎత్తు తప్ప సత్తా ఏముంటుందిలే అనుకున్నారు. మూడుతో కొట్టి చూశారు, ఒకటి మిగిలింది. ఏడుతో కొట్టారు, ఒకటి మిగిలింది. పదకొండు, ఒకటి. పదమూడు, ఒకటి. పదిహేడు దగ్గర తొమ్మిది మిగిలేసరికి, మారింది కదా, దారిలో పడుతోందని సంబరపడ్డారు. పందొమ్మిది దగ్గర మళ్ళీ ఒకటే. "మేడమ్, ఇది కూడా మనలాగే, ఎటు తిప్పినా శేషమే," అంది సైరన్ అని పేరున్న పిల్ల. దాని గొంతు విన్నవాళ్ళకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఆ మాటతో క్లాసుకి పట్టుదల పుట్టింది. తలా ఒక సంఖ్య పంచుకున్నారు. టర్మంతా దాని మీద పడి కొట్టారు. అది విరగలేదు కానీ భాగహారం వాళ్ళకి లొంగిపోయింది. చివరికి లెక్కలమ్మ నిజం చెప్పింది: అది ప్రధాన సంఖ్య, ఎవరి వల్లా విరగదు, పెద్ద పెద్దవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు, దాన్ని విరిచే సంఖ్య ఉందేమోనని వెతకాలంటే నూట అయిదు కోట్ల దాకా పోవాలి. పిల్లలకి కోపం రాలేదు, గర్వం వచ్చింది. అభాగ్యుల సెక్షన్‌కి అవిభాజ్యమైన సంఖ్య దొరికింది. కొత్త గదికి గోడ మీద ఏం పెడదామని అడిగితే అదే పెట్టాలన్నారు. ప్రారంభం నాడు ఎ సెక్షన్ వాళ్ళకీ, వచ్చిన అతిథికీ సుద్దముక్క ఇచ్చి "విరవండి చూద్దాం" అంటారట. రేపు జరగబోయేది అదే.

ఇప్పుడు గోడ మీద ఉన్నవి ఇరవై. ఎ సెక్షన్‌లో నిద్రపోతున్నవాణ్ణి లేపి అడిగినా పదకొండుతో విరిచేస్తాడు.

"ఏరా, నేను నీకు ఎన్ని చెప్పాను?"

"పందొమ్మిది."

"ఇక్కడెన్ని ఉన్నాయి?"

"ఇరవై," అన్నాడు వాడు, దాచిపెట్టాల్సిన తప్పేమీ లేనట్టు. "నువ్వు గీసింది ఒకే వరస కదా. గోడకి కొత్తగా స్విచ్‌బోర్డు పెట్టారు, అంత పొడుగు పట్టలేదు. సార్‌ని అడిగితే వరసల్లో సర్దెయ్యమన్నారు. అయిదేసి వేసుకుంటూ పోతే ఆఖరి వరసలో నాలుగే వచ్చాయి. నోట్లో పన్ను ఊడినట్టు ఉందక్కా. ఒకటి పగిలితే పనికొస్తుందని కంపెనీవాడు ఇరవయ్యోది ఎక్కువిచ్చాడు. పెట్టాను, అతికినట్టు సరిపోయింది."

"సరిపోయిందా."

"మా పనిలో వరస కుదరకపోతే ఆ మేస్త్రీని మళ్ళీ ఎవరూ పిలవరు. నేనేదో నీ పరువు కాపాడదామని..."

"నీ వరసలు కుదిరాయి. నీ వరసే బాగాలేదు," అంది లెక్కలమ్మ. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు తగ్గిందంటేనే ఇంట్లోవాళ్ళు పక్క గదిలోకి పోతారు. "వంటలో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువైందన్నట్టు చెప్తావేంటి? నేను చీటీ మీద ఒక అంకె రాసిస్తే, నీ చేతికి దురద పుట్టి ఇంకొకటి కలుపుతావా? మందుల షాపువాడు వరస బాగుందని ఒక మాత్ర ఎక్కువేస్తే మింగుతావా?"

"ఇన్ని ఒకట్లలో ఒక ఒకటి అక్కా. అచ్చం కవలల్లా ఉన్నాయి. ఎవరు లెక్కపెడతారు?"

"ఎవరు లెక్కపెడతారు?" ఈ మాట రెండోసారి గుమ్మంలోంచి వినిపించింది. ప్రధానోపాధ్యాయుడు వచ్చాడు. మెళ్ళో తాళాల గుత్తి, చేతిలో టీ కప్పు. ప్రధానోపాధ్యాయుడే కానీ ఆయనకి తెలిసిన ప్రధానమైన సంఖ్య ఒక్కటే, ఫలితాల శాతం. "చాలా నీట్‌గా వచ్చింది మేడమ్. ఇరవైయ్యా, పందొమ్మిదా? మంచిదేగా, ఒకటి పెరిగింది. తగ్గితే అనుకోవాలి."

"సార్, ఇది జనాభా కాదు, పెరిగితే ఏముందిలే అనుకోవడానికి. పందొమ్మిది ఒకట్లని ఏదీ విరవలేదు. ఇరవైని మూడో క్లాసు పిల్లాడు విరుస్తాడు."

"ఒక్క అంకెకే అంత తేడానా?"

"రండి," అంది లెక్కలమ్మ. ఆయన మోచెయ్యి పట్టుకోలేదు కానీ పట్టుకున్నంత పని చేసింది. పై వరస మీద అరచెయ్యి పెట్టింది. "ఇదెంత? పదకొండు వేల నూట పదకొండు. కింద వరస? అదే. దాని కింద? అదే. ఆ కింద? అదే. నాలుగూ ఒకే ముక్క, నాలుగు చోట్ల. అంటే మొత్తాన్ని ఆ ముక్కతో కొడితే శేషం సున్నా. ఒకట్లు సమానమైన వరసల్లో కుదిరాయంటేనే విరిగిపోయాయని అర్థం. మీరు నీట్‌గా ఉందంటున్నారే, ఆ నీటే పగులు. నిలువునా నాలుగు చొప్పున చూడండి, వెయ్యి నూట పదకొండుతో కూడా విరుగుతుంది. మావాడు గోడకి టైల్స్ వెయ్యలేదు, ఎక్కడ విరగ్గొట్టాలో గీత గీసి చూపించాడు."

తమ్ముడు తాపీ కింద పెట్టాడు. వరసల సంగతి వాడికి అర్థమయ్యే భాష. వాడి పెదాలు నెమ్మదిగా కదిలాయి, మనసులో ఏవో పేర్చుకుంటున్నట్టు. "అంటే పందొమ్మిది ఎలా పేర్చినా కుదరదా?"

"కుదరదు."

"అయితే పదిహేడు పెట్టినా కుదరదుగా. ఒక మూడు పీకేస్తే..."

"కుదిరితే విరిగినట్టే. కుదరనంత మాత్రాన విరగదని కాదు. పదిహేడు ఒకట్లని విరిచే సంఖ్య వేరే ఎక్కడో ఉంది, ఇరవై లక్షలు దాటాక. నోరు మూసుకో."

ప్రధానోపాధ్యాయుడు టీ ఒక గుక్క తాగి, సమస్యను తన దారిలోకి లాక్కున్నాడు. "ఓ పని చేద్దాం. ఆ చివరి టైలు ముందు ఒక పెద్ద పూలకుండీ పెడదాం. కనపడదు."

"కుండీ జరిపితే?"

"ఎవరు జరుపుతారు మేడమ్? అతిథి రిబ్బన్ కత్తిరించి, రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు."

"మా పిల్లలు జరుపుతారు. రేపు వాళ్ళు అందరి ముందూ నిలబడి, దీన్ని విరవండి అని సవాలు చెయ్యబోతున్నారు. ఏడాదంతా వాళ్ళు ఈ స్కూల్లో గెలిచిందంటూ ఉంటే ఇదొక్కటే. రేపు ఎ సెక్షన్ కుర్రాడు ఒక్క నిమిషంలో పదకొండుతో విరిచి చూపిస్తే వాళ్ళ మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి? ఇంకోసారి నేను రెండూ రెండూ నాలుగన్నా నమ్ముతారా?"

"వాళ్ళా?" ప్రధానోపాధ్యాయుడు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, అలవాటైన నవ్వు, అదే ఇంకా అన్యాయం. "లెక్కపెట్టడం వచ్చినవాళ్ళయితే ఆ సెక్షన్‌లో ఎందుకుంటారు మేడమ్?"

లెక్కలమ్మకు చెవులు వేడెక్కాయి. ఈయన లెక్కలో ఆ పిల్లలు ఎప్పుడూ లెక్కలో లేరు. లెక్కలో లేనివాళ్ళు లెక్కపెడతారన్న ఊహ కూడా ఆయనకి రాదు. వాళ్ళని శేషం అన్నది ఎ సెక్షన్ పిల్లలే కావచ్చు. భాగించింది ఈయనే.

"మీరు వెళ్ళండి సార్," అంది.

"అంటే..."

"ఇక్కడ దుమ్ము లేస్తుంది. టీలో పడుతుంది."

ఆయన ఇంకేదో అనబోయి, ఆవిడ చెయ్యి తమ్ముడి పనిముట్ల సంచీలోకి వెళ్ళడం చూసి, కప్పు మీద అరచెయ్యి మూతపెట్టుకుని వెళ్ళిపోయాడు. "గోడకి ఏమైనా అయితే బాధ్యత మీదే," అన్న మాట మాత్రం వరండాలోంచి వెనక్కి వచ్చింది.

ఉలీ సుత్తీ పట్టుకుని చివరి టైలు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది లెక్కలమ్మ. మొదటి దెబ్బకి ఉలి జారి గోడకి గీత పడింది. రెండో దెబ్బ పడేలోపల తమ్ముడొచ్చి సుత్తి పట్టుకున్నాడు.

"ఊడదక్కా. నేను పెట్టిన గమ్ అలాంటిది. కొట్టావంటే పక్కదీ పైదీ కూడా పగులుతాయి. అప్పుడు పదిహేడో, పదహారో మిగుల్తాయి. స్పేర్ టైలు కూడా లేదు, స్పేర్ అదే."

"ఒక్కసారైనా వదులుగా పని చెయ్యరా నువ్వు?"

"అది కూడా తప్పేనా?"

"ఇవాళ నువ్వు ఊపిరి పీల్చినా తప్పే."

వాడికీ రోషం వచ్చింది. "పొద్దుట్నించీ తిండి మానేసి చేశానక్కా. ఈ స్కూల్లో ఇంత తిన్నగా ఉన్న గోడ ఇంకోటి చూపించు. చిన్నప్పట్నించీ ఇంతే నువ్వు. నేను గాలిపటం చేస్తే తోక పొడుగంటావు, పడవ చేస్తే మడత తప్పంటావు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బాగుందని అనవు."

"ప్రతి ఒకటీ బాగుంది. ఇరవయ్యోదే బాగాలేదు."

వాడు నవ్వబోయి ఆపుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చేంత కోపంగా ఉంది, వాడి మీదా, సర్దుబాటు సారు మీదా, ఎవరు లెక్కపెడతారులే అని ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎవరెవరు అంటున్నారో వాళ్ళందరి మీదా. సుత్తి పక్కన పడేసి ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంది. గోడ ముందు గోడు వెళ్ళబోసుకోవచ్చు కానీ దాంతో ఒకటి రాలదు. తియ్యడం కుదరదు. తియ్యడం కుదరనప్పుడు...

"కలిపితే?" అంది పైకే.

"ఏంటి?"

"ఇరవై ఒకటి... మూడుతో పోతుంది. ఇరవై రెండు, సరిసంఖ్య, నువ్వు రెండు వరసలుగా పేర్చేస్తావు, పోయింది. ఇరవై మూడు." లేచి నిలబడింది. "ఇరవై మూడు ఒకట్లు. అదీ ప్రధాన సంఖ్యే, అదీ విరగదు. ఒకట్లతోనే రాసిన వాటిలో పందొమ్మిది తర్వాత నిలబడేది అదే. అది కూడా దాటితే మళ్ళీ మూడు వందల పదిహేడు దాకా ఒక్కటీ లేదు. ఇంకో మూడు పెట్టు."

"ఒకట్లు లేవంటున్నానా. కంపెనీవాడు సోమవారం దాకా తియ్యడు."

"ఒకటి చెయ్యడానికి కంపెనీ ఎందుకు? నిలువు గీతేగా. ఎనిమిది అడిగానా?"

గది మూల అంచులకి తెచ్చిన ఉత్త నీలం టైల్స్ కొన్ని, తెల్లవి ఒకటో రెండో మిగిలి ఉన్నాయి. వాడు వాటిని చూశాడు, గోడని చూశాడు, అక్కని చూశాడు. వాడి మొహం చేదు మందు తాగినట్టయింది.

"నీలం టైలు మధ్యలో చీల్చి తెల్ల బద్ద దూర్చొచ్చు. కానీ పైవాటికి ముక్కూ కాలూ ఉన్నాయి, ఇవి ఉత్త కర్రల్లా ఉంటాయి. పైగా కింద మూడే. రెండు చోట్లు ఖాళీ. చూసినవాడు మేస్త్రీ మధ్యలో పారిపోయాడనుకుంటాడు."

"అనుకోనీ."

"నా చేత్తో నేను అలా చెయ్యలేనక్కా."

"అయితే కటర్ ఇటివ్వు. నేను చేస్తాను. రేపు అందరితో నా తమ్ముడు చేశాడని చెప్తాను."

అది బెదిరింపు కాదు, నిజంగానే చేసేలా ఉంది. తనకి మూడిందని వాడికి అర్థమైంది. కటర్ ప్లగ్ పెట్టాడు. ఆ మోతలో ఎవరి కోపం వాళ్ళు నోటితో కాకుండా పళ్ళతో నమిలారు. వాడు కోసిచ్చిన ముక్కల్ని ఆవిడ తడిగుడ్డతో తుడిచి అందించింది. మూడో కర్రని నిలబెట్టాక వాడు అలవాటుకొద్దీ పక్కన ఖాళీగా ఉన్న రెండు చోట్లనీ అరచేత్తో ఒకసారి తడిమాడు.

"చెయ్యి తియ్యి," అంది అక్క.

తీశాడు. "నేను వేశానని ఎవరికీ చెప్పకు," అని సంచీ భుజాన వేసుకుని, గోడ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న గుమ్మానికి రిబ్బను కట్టారు. అతిథిగా వచ్చిన విద్యాశాఖాధికారి కత్తెర కోసం ఎదురుచూస్తూ వరండాలో నిలబడ్డాడు. ఎ సెక్షన్ వాళ్ళు మెడలు చాచి కిటికీల్లోంచి చూస్తున్నారు. శేషం సెక్షన్‌ని, సవాలు చేసేది వాళ్ళే కాబట్టి, లెక్కలమ్మ పక్క గుమ్మంలోంచి ముందే లోపలికి పంపింది. వాళ్ళు గోడ ముందు ఆగిపోయారు. వేళ్ళు గాల్లోకి లేచాయి. అందరూ లెక్కపెట్టారు. ఒక్కళ్ళు కూడా మానలేదు.

"మేడమ్, మనవి పందొమ్మిది," అంది సైరన్. వరండా దాకా వినపడింది. "ఇవి ఇరవై మూడు. మన అంకె ఏది?"

దీనికి తియ్యటి జవాబేదీ లెక్కలమ్మ తయారుచేసుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. టైల్స్ వేసినాయన వరస కుదరాలని ఒకటి ఎక్కువ పెట్టేశాడు, అది ఊడలేదు, ఇరవై ఉంటే విరిగిపోతుంది, అందుకని ఇంకో మూడు పెట్టించాను, ఇరవై మూడు కూడా విరగదు.

"విరగదని ఎవరు చెప్పారు?" అన్నాడు వెనక నుంచి ఒకడు, మొహం చిట్లించుకుని.

"నేను చెప్తున్నాను."

"పందొమ్మిదిని మేం కొట్టి చూశాం మేడమ్. దీన్ని ఎవరూ కొట్టలేదు," అంది సైరన్. దాని కళ్ళల్లో కోపం నీళ్ళలా నిలిచింది. "కొట్టకుండా వాళ్ళ ముందు ఎలా పెడతాం? విరిగితే?"

వాళ్ళు లెక్కలమ్మ మాట నమ్మడం లేదు. నమ్మకూడదని ఏడాదంతా నేర్పింది తనే. సుద్దముక్కల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది, అంతే. పిల్లలు దాని మీద పడ్డారు. ఒకడు బోర్డు మీద ఇరవై మూడు ఒకట్లు వేశాడు. ఒకరు మూడు తీసుకున్నారు, ఒకరు ఏడు, ఒకరు పదమూడు. "మూడుకి రెండు మిగిలింది," అని ఒక కేక. "పదకొండుకి ఒకటి." "ఏడుకి రెండు."

ప్రధానోపాధ్యాయుడు రిబ్బను కిందనుంచి వంగి లోపలికొచ్చాడు. వెనకే అతిథి తల కనిపించింది. అతిథి చూపు గోడ అడుగున ఉన్న మూడు కర్రల మీద నిలిచింది.

"కింది వరస ఇంకా పూర్తి కాలేదండి," అన్నాడు ప్రధానోపాధ్యాయుడు హడావుడిగా. "ఇంకో రెండు అతికిస్తే చక్కగా సరిపోతుంది. సోమవారానికల్లా..."

"అతికిస్తే విరిగిపోతుంది సార్," అంది సైరన్, బోర్డు మీంచి చూపు తిప్పకుండా. "అయిదు అయిదులైపోతాయి."

ప్రధానోపాధ్యాయుడు గోడ వైపు చూసి, మొదటిసారిగా వేలు కదిపి వరసలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత లెక్కలమ్మ వైపు తిరిగాడు, బయట అందరూ నిలబడి ఉన్నారు, మీ పిల్లల్ని ఇక ఆపమన్నట్టు.

లెక్కలమ్మ కోపం ఇంకా చల్లారలేదు. డబ్బాలోంచి ఒక సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పదిహేడు ఎవరూ తీసుకోలేదు సార్," అంది. "మీరు కానివ్వండి."